అరణంగా వచ్చిన భూములు

మధ్యయుగాల ఫ్రెంచి రాజులు తమ రాజ్యాన్ని కత్తితోనే కాదు, పెళ్ళిళ్ళతోనూ వారసత్వాలతోనూ పెంచుకున్నారు. ఈ విషయం చెప్పేటప్పుడు చరిత్ర పుస్తకాల స్వరం కాస్త మెత్తబడుతుంది. యుద్ధంలో గెలుచుకున్నది దురాక్రమణ; అరణంగా వచ్చింది, వీలునామాతో సంక్రమించింది మాత్రం న్యాయార్జితం, నెత్తురంటని సొత్తు అన్న భావం ఆ స్వరంలో వినిపిస్తుంది. ఈ తేడాను మనం అంగీకరించవచ్చునా?

తూలూజ్ సంగతి చూడండి. మతవిరోధులను అణచే మిషతో 1209లో దక్షిణ ఫ్రాన్సు మీద మొదలైన క్రూసేడు రెండు దశాబ్దాలు ఆ సీమను పీడించింది. 1229లో పారిస్‌లో సంధి కుదిరింది. ఓడిన కౌంటు 7వ రేమండ్ తన ఏకైక కుమార్తెను రాజు 9వ లూయీ తమ్ముడు అల్ఫోన్స్‌కు ఇవ్వాలి. వారికి సంతానం లేకపోతే భూములు రాజుకు చెందాలి. 1271లో ఆ దంపతులిద్దరూ నిస్సంతుగా చనిపోయారు. తూలూజ్ రాజు చేతికి వచ్చింది. కాగితం మీద ఇది వారసత్వమే. కాని ఇరవై యేళ్ళ దండయాత్ర లేకుంటే ఏ కౌంటయినా అటువంటి కాగితం మీద ముద్ర వేసేవాడా?

బ్రిటనీ కథ ఇంతకంటె స్పష్టం. 1488లో అక్కడి డ్యూకు ఫ్రెంచి సేనల చేతిలో ఓడి, తన కూతుళ్ళ పెళ్ళిళ్ళు ఫ్రెంచి రాజు అనుమతి లేకుండా చేయనని ఒప్పుకున్నాడు. ఆ యేడే కన్నుమూశాడు. పెద్ద కూతురు ఆన్‌కు అప్పటికి 11 ఏళ్ళు. 1490లో ఆస్ట్రియా మాక్సిమిలియన్‌తో, అతడు రాకుండానే, ప్రతినిధి ద్వారా ఆమె వివాహం జరిగింది. 8వ చార్లెస్ సేనలు రెన్ నగరాన్ని ముట్టడించాయి; 1491 డిసెంబరులో చార్లెసే వరుడయ్యాడు. పెళ్ళికూతురికి ఇంకా 15 నిండలేదు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: మగబిడ్డ లేకుండా రాజు చనిపోతే, ఆమె తరువాతి రాజునే చేసుకోవాలి. మొదటి కాపురం మొదలవకముందే రెండో పెళ్ళి నిశ్చయమైపోయిందన్నమాట! 1498లో చార్లెస్ పోయాడు. గద్దెనెక్కిన 12వ లూయీకి అప్పటికే భార్య ఉంది. పోపు ఆ వివాహాన్ని రద్దు చేశాడు. 1499 జనవరిలో ఆన్ మళ్ళీ ఫ్రాన్సు రాణి అయింది. ఆమె నిస్సహాయురాలేమీ కాదు, ఈసారి డచీ పరిపాలనను తన చేతిలోనే ఉంచుకుంది. అయినా ఇక్కడ స్త్రీకి అరణంగా భూమి రాలేదు. భూమికి అరణంగా స్త్రీ వచ్చింది. ప్రభువులకు వివాహం రాజకీయ చర్య అని 1884లో ఎంగెల్స్ చెప్పిన దానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

పోనీ, ఆ వారసత్వ ధర్మమైనా నిలకడగా ఉందా? 4వ ఫిలిప్ యువరాజుగా ఉండగా 1284లో నవారు రాణి ఝాన్‌ను పెళ్ళాడాడు. షాంపేన్ ఆమె వెంట వచ్చింది. అంటే ఆడపిల్లకు వారసత్వం ఉన్నట్టే గదా. కాని వారి కొడుకు 10వ లూయీ 1316లో చనిపోయాక, చివరకు అతని కూతురిని తప్పించి తమ్ముడు కిరీటం పెట్టుకున్నాడు. ఫ్రాన్సు కిరీటం ఆడవారికి చెందదని 1317లో ఒక సభ ప్రకటించింది. 1328లో నవారు ఆ కూతురికి దక్కింది. షాంపేన్‌ను మాత్రం వేరే భూములు పరిహారంగా చూపి రాజవంశం అట్టిపెట్టుకుంది. ఒకనాడు ఐరోపా అంతటా పేరుమోసిన సంతలు గల సీమ అది, వదులుకుంటారా మరి! ఆడపిల్ల వెంట భూమి కోటలోకి రావచ్చు, కోట దాటి పోరాదు.

ఈ పెళ్ళిళ్ళే ముక్కచెక్కలైన దేశాన్ని ఒకటి చేశాయి, భూస్వామ్య అరాచకం నుంచి కేంద్రీకృత రాజ్యానికి అది ముందడుగు కాదా అని మనవారిలోనే కొందరు వాదిస్తారు. ముందడుగే. కాని ఒక ఫలితం చరిత్రకు ఉపకరించడం వేరు, దాన్ని పొందినవాని హక్కు న్యాయమైనది కావడం వేరు. 1532లో బ్రిటనీని శాశ్వతంగా కలుపుకొన్నప్పుడు, అక్కడి ఎస్టేట్స్ సభ సమ్మతి లేనిదే పన్ను వేయరాదన్న పాత హక్కును రాజు నిలిపి ఉంచాడు. ఆ సభలో మతాధిపతులున్నారు, ప్రభువులున్నారు, పట్టణాల ప్రతినిధులున్నారు. రైతులకు స్థానం లేదు.