మొక్కు పెద్దదా, ఒళ్లు పెద్దదా?

ఈ వారం వీడియోలో తపస్సు గురించి విన్నారు కదా. దాని మీద నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఒకటుంది. ఒళ్లు సహకరించకపోయినా పట్టుబట్టి చేస్తేనే భక్తా?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, ఇరవై ఎనిమిదేళ్లు. ఒక వైరల్ జ్వరం తర్వాత నీరసం పోలేదు. ఆరు నెలలు దాటాక డాక్టర్లు క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అన్నారు. నిద్రపోయి లేచినా తీరని అలసట ఇది. శక్తికి మించి చేస్తే ఆ రోజు బాగానే ఉండొచ్చు, దెబ్బ తెలిసేది ఒకటి రెండు రోజుల తర్వాత. కర్మఫలం ఆలస్యంగా రావడమంటే ఏంటో నాకు అలా అర్థమైంది.

రిహాబిలిటేషన్‌లో నాకు నేర్పింది ఇంకా ఓపిక ఉండగానే ఆగడం. దీన్ని పేసింగ్ అంటారు. పనిని ముక్కలు చేసుకోవాలి, మధ్యలో పడుకోవాలి, బాగున్న రోజు కూడా గీత దాటకూడదు. ఇది జబ్బుని నయం చేయదు, కుప్పకూలే రోజుల్ని తగ్గిస్తుంది. వ్యాయామం క్రమంగా పెంచమని 2007లో చెప్పిన బ్రిటన్ వైద్య మార్గదర్శకాలే, 2021లో ఆ సలహాని వెనక్కి తీసుకున్నాయి.

ఇక్కడే నా చిక్కు. ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. దాదాపు 3,550 మెట్లు. "స్వామే ఎక్కిస్తాడు లేరా" అంటుంది అమ్మ. ఆమె నమ్మకాన్ని తక్కువ చేయను. కానీ ఎక్కితే ఆయన మహిమ, పడిపోతే నా భక్తిలో లోపం అనుకుంటే, అది దేవుడికి పరీక్ష పెట్టడమే కదా?

గీత 17వ అధ్యాయంలో, మూర్ఖపు పట్టుదలతో తనని తాను హింసించుకునే తపస్సుని కృష్ణుడు తామసం అన్నాడు. 6వ అధ్యాయంలో తిండికీ నిద్రకీ కూడా మితం చెప్పాడు. "బద్ధకానికి ఇదో సాకు" అని మీరు అనొచ్చు. బద్ధకంలో పని తప్పినందుకు హాయిగా ఉంటుంది. పేసింగ్‌లో చేయాలని మనసు కొట్టుకుంటుండగా ఆగాలి. నాకు తెలిసిన నిగ్రహాల్లో ఇదే కష్టమైంది.

ఈసారి బస్సులోనే కొండకి వెళ్తున్నాను. మొక్కు తీరిందని మాత్రం అనను, అది బాకీయే. కుబేరుడి అప్పుకి ఇప్పటికీ వడ్డీ కడుతున్న స్వామికి, వాయిదా అడిగేవాడి కష్టం తెలియకుండా ఉంటుందా?