వేరు పెట్టిన కంచం

దగ్గులో నెత్తురు పడిందంటే మనవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది క్షయ. ఆ జబ్బు పూర్తిగా నయమైనా, ఊపిరితిత్తుల్లో మిగిలిన మచ్చల వల్ల కొందరికి ఏళ్ళ తరబడి అప్పుడప్పుడూ నెత్తురు పడుతూనే ఉంటుంది. పడ్డప్పుడల్లా పరీక్ష చేయించుకోవాలి. ఎక్కువగా పడితే వెంటనే 995కి ఫోన్ చేయాలి. జబ్బు తిరగబెట్టలేదని తేలితే, ఆ మనిషి వల్ల ఎవరికీ క్షయ అంటదు.

అయినా ఇంట్లో కంచం, గ్లాసు వేరైపోతాయి. క్షయ సోకేది గాలి ద్వారా, కంచం ద్వారా కాదు. సింగపూరులో 1997లోనే క్షయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. మన ఇళ్ళలో కంచాలు మాత్రం ఇంకా కలవలేదు. పైగా దానికి జాగ్రత్త అని పేరు! మళ్ళీ నెత్తురు పడితే ఆ మనిషి రుమాలు దాచేస్తాడు, పరీక్షకు రాడు. దాచడం తప్పే. అందులో మనకు వాటా లేదా? రేపు పండక్కి అందరికీ వరసగా విస్తళ్ళు వేసేటప్పుడు ఆయనకు ఎక్కడ వేస్తాం?