విడ్డూరమును చిత్రించుట

పెరటి చెట్టు మందునకు రాదని మనవారందురు. ఇంటివాడు ఇరువదియేండ్లు చూచియు చూడని వస్తువును బాటసారి యొక్క నిమిషమున కనిపెట్టును. ఇది బాటసారి భాగ్యము. అయినను ఆ చూపునకు సయితము ఒక ధర్మము గలదని మేము తలంచుచున్నాము.

నేడు పుంగనూరు ప్రాంతమందలి మా సదుమువంటి పల్లెలనుండియు పిల్లలు చదువునకై ఐరోపాకు పోవుచున్నారు. వారు ఇంటికి పంపు ఛాయాచిత్రములలో కోటలకంటె నిత్యజీవనపు వింతలే మిక్కిలి వేడుక గొలుపును. రైలులో యజమాని పాదములకడ బుద్ధిగా కూర్చున్న కుక్క. వెనీసు సందులలో గోడనుండి గోడకు కట్టిన తీగెలపై ఆరుచున్న బట్టలు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువగట్టు ఇండ్ల నెత్తిన వ్రేలాడు ఇనుప కొక్కెములు. ఇంటిల్లిపాదియు చూచి నవ్వుదురు. నవ్వుటలో దోషము లేదు. నవ్వుతో ఆగిపోవుటయే లోపము.

ఆ కొక్కెముల సంగతియే చూడుడు. అచ్చటి పాత ఇండ్లు ఇఱుకు, మెట్లు నిటారు. మంచమును బీరువాయు ఆ మెట్లమీదుగా ఎక్కవు. కావున కొక్కెమునకు త్రాడు తగిలించి, సామానును వెలుపలనుండి పైకి లాగి, కిటికీగుండ లోనికి చేర్తురు. కారణము తెలియనంతవఱకు అది విడ్డూరము. తెలిసినపిమ్మట అది గృహస్థుల ఉపాయము.

ఇక మనవైపు తిరిగి చూతము. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తమ నివాసమున పుంగనూరు ఆవులకు మేత పెట్టిన చిత్రములు దేశమంతట వ్యాపించెను. దూరపువారికి ఆ పొట్టి ఆవు ముద్దుబొమ్మ. కొద్దిపాటి మేతతో, ఎండుగడ్డితో, కఱవునకు తాళి, మెట్టరైతు నింట పాడిగా నిలిచిన ప్రాణి యని ఎఱిగి చిత్రించువారెందఱు?

ఆవు సిగ్గుపడదు, మనుష్యుడు సిగ్గుపడును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. 1868 మొదలు 1875 వఱకు ఆంగ్ల ప్రభుత్వ పోషణమున ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ యను గ్రంథము ఎనిమిది సంపుటములుగా వెలువడెను. అందు ఈ దేశపు స్త్రీపురుషులను నిలువబెట్టి ఛాయాచిత్రములు తీసి, పెక్కింటి క్రింద వ్యక్తి పేరునకు మాఱుగ కులము పేరు వ్రాసిరి. మనుష్యులు మచ్చుసరకులైరి. అదే ఐరోపాలో 1898వ సంవత్సరమున బిస్మార్కు మరణించినప్పుడు ఇరువురు ఛాయాచిత్రకారులు దొంగచాటుగా గదిలో జొరబడి శవమును చిత్రించిరి. దేశమెల్ల రోసెను. 1907లో, కొన్ని మినహాయింపులతో, ఒకరి రూపమును వారి సమ్మతి లేక ప్రచురింపరాదని జర్మనీలో శాసన మేర్పడెను. తన ముఖము తనదని ప్రతి మనుష్యుడును కోరును. పరుల ముఖము పరులదని తలంచుటకే సంస్కారము వలయును.

ఒకప్పుడు మచ్చుసరకులైన మనము నేడు ఐరోపా వీథిలో త్రాగి పడియున్నవానిని, బల్లపై కునుకు తీయుచున్న ముసలమ్మను చిత్రించి పదిమందికి చూపుట పగ తీర్చుకొనుట కావచ్చును గాని న్యాయము కాదు.

“ముందుగా అడిగినచో సహజత్వము చెడదా?” యని కొందఱందురు. గోడను, కొక్కెమును అడుగ నక్కఱలేదు. మనుష్యుని విషయమున, చిత్రము తీసినవెంటనే చూపి, వలదన్నచో చెఱిపివేయవచ్చును. చేతిలోని ఫోనునకు అది క్షణము పని. ఆ క్షణమున రెండు మాటలు కలియును. తఱచుగా ఆ వింత వెనుకనున్న కథయు దొరకును.

పోతం జానకమ్మ రాఘవయ్య యను తెలుగు వనిత ఇంగ్లండు చూచి వచ్చి తెలుగున వ్రాసిన యాత్రావృత్తాంతమునకు ఆంగ్లానువాదము 1876లో మదరాసున ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అను పేర వెలువడెను. ఆ చిత్రములు మాటలతో గీసినవి. మాటలతో చిత్రించువారికి, చూచినది ఏమో, ఎందుకో, కొంతయైన విచారింపక కలము సాగదు. యంత్రము మన కా శ్రమను తప్పించినది. అందుచేతనే ఆ శ్రమను మనము కోరి చేయవలయును. పంపు ప్రతి చిత్రముక్రింద పిల్లలు రెండు పంక్తులు వ్రాయుదురు గాక: ఇది ఏమి? ఇట్లేల యున్నది?

తల్లిదండ్రులును చిత్రమును చూచి నవ్వి ఊరకుండక ఈ ప్రశ్నలే అడుగవలయును. మఱియొక ప్రశ్నను గూడ చేర్పవలయును: “మన సదుము వీథిలో, మన యరుగుమీద కూర్చున్న అవ్వను, తెలియని యొకడు ఇట్లే చిత్రించి పోయిన నీకు సమ్మతమా?” సమ్మతమన్న చిత్రమును దాచుకొనవచ్చును, కాదన్న చెఱిపివేయవలయును.