తామరపువ్వు నాణెం



మా అమ్మ పూజామందిరంలో కుంకుమ భరిణె పక్కన ఒక చిన్న ఇత్తడి డబ్బా ఉంటుంది. అందులో ఇరవై పైసల బిళ్ళలు. పసుపుపచ్చనివి, ఒకవైపు మూడు సింహాలు, రెండోవైపు విచ్చుకున్న తామర. 1968 నుంచి 1971 వరకు వచ్చిన నాణేలు అవి. అప్పట్లో కిరాణా కొట్టులో, బస్సులో మారిన చిల్లరే. కానీ బంగారు రంగు, పైన లక్ష్మీదేవి ఆసనమైన పద్మం! అలాంటి బిళ్ళ చేతికొస్తే ఖర్చుపెట్టడానికి ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది? చాలామంది ఒక్కొక్కటే దాచి, నూట ఎనిమిది పోగుచేసి, వరలక్ష్మీ వ్రతం నాడు అష్టోత్తరంలో ఒక్కో నామానికి ఒక్కో నాణెం సమర్పించేవారు.

మా అమ్మ దగ్గరున్నవి అరవై రెండే. శ్రావణమాసం రాగానే చింతపండుతో తోమి, మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెడుతుంది. ఏళ్ళ తరబడి కుంకుమ పడి రేకుల సందుల్లో ఎరుపు నిలిచిపోయింది. దాన్ని మాత్రం తోమనివ్వదు. "అది మీ నాయనమ్మ చేతి కుంకుమరా, ఉండనీ" అంటుంది.

2011 జూన్ 30 నుంచి పావలా, అంతకు తక్కువ నాణేలేవీ చెల్లవు. ఈ బిళ్ళలకు బజారులో విలువ ఆ రోజుతో పోయింది. మా ఇంట్లో వాటి విలువ పైసా తగ్గలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉండే ఉంటుంది. ఈ రోజు ఒకసారి తెరిచి, అవి ఎవరు దాచారో పిల్లలకు చెప్పండి.