రాయిని దారి మళ్ళించడం విధికి ఎదురు తిరగడమా?

ఆకాశం నుంచి రాయి పడాలని అల్లాహ్ నిర్ణయిస్తే మనిషి ఆపగలడా? ఆపబోవడం దైవనిర్ణయంతో పోటీ పడటం కాదా? గ్రహశకలాల వార్త వచ్చినప్పుడల్లా మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు, ఎక్కువగా పెద్దవాళ్ళే, ఈ మాట అంటుంటారు. దైవభీతితో అన్న మాట గనుక దాన్ని నవ్వి కొట్టిపారేయలేము.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2022 సెప్టెంబరు 26న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన డార్ట్ అనే నౌక, భూమికి సుమారు కోటీ పది లక్షల కిలోమీటర్ల దూరాన, డైమార్ఫస్ అనే గ్రహశకలాన్ని కావాలనే ఢీకొంది. దాని వల్ల మనకు ఏ ప్రమాదమూ లేదు; అది పరీక్ష మాత్రమే. దాదాపు 160 మీటర్ల వెడల్పున్న ఆ రాయి, డిడిమోస్ అనే పెద్ద రాయి చుట్టూ తిరుగుతుంటుంది. నౌక బరువు 600 కిలోలకు కాస్త అటూ ఇటూ. కొండంత రాయిని అదేం కదిలిస్తుంది అనిపిస్తుంది. అయినా 11 గంటల 55 నిమిషాలు పట్టే చుట్టు, ఆ దెబ్బతో అరగంటకు పైగా తగ్గింది. నౌక తోపుకు తోడు, రాయి నుంచి వెనక్కి చిమ్మిన రాళ్ళూ దుమ్మూ కూడా దాన్ని ముందుకు నెట్టాయి.

ఇక విధి మాట. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా సిరియాకు ప్రయాణిస్తుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి ఆయన వెనక్కి మళ్ళారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామని ఆయన జవాబిచ్చారు. లోయలో ఒక పక్క పచ్చిక, మరో పక్క ఎండిన నేల ఉంటే, ఒంటెల్ని ఎటు తోలినా అది అల్లాహ్ నిర్ణయం ప్రకారమే కదా అని వివరించారు. మా దృష్టిలో మన పెద్దల సందేహానికి ఇది చాలు.

అయితే ఆ సంఘటనలో రెండో భాగం ఉంది, దాన్ని మనం తరచూ మరచిపోతాం. ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దనీ, మీరున్న ఊరిలో వస్తే దాన్నుంచి పారిపోవద్దనీ దైవప్రవక్త (సఅసం) చెప్పారని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడే తెలియజేశారు. పారిపోయేవాడు తాను బతకవచ్చునేమో గాని, వ్యాధిని పొరుగూరికి మోసుకెళ్ళవచ్చు.

గ్రహశకలాల విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉందని మాకనిపిస్తుంది. 2024 డిసెంబరులో కనిపెట్టిన 2024 వై.ఆర్.4 అనే రాయి, 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం మూడు శాతం దాటిందని 2025 ఫిబ్రవరిలో లెక్క తేలింది. కొద్ది రోజుల్లోనే మరిన్ని పరిశీలనలతో ఆ భయం తీరిపోయింది, అల్‌హందులిల్లాహ్. కాని ఆ రోజుల్లో గీసిన ప్రమాదపు గీత పసిఫిక్ తూర్పు భాగం నుంచి ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా మన దక్షిణాసియా దాకా సాగింది. ఇలాంటి రాయిని నిజంగా తోయవలసి వచ్చి, ఆ తోపు చాలకపోతే? రాయి భూమిని తప్పిపోదు. పడే చోటు మాత్రం ఆ గీత వెంట జరుగుతుంది, ఒకరి ఊరి నుంచి మరొకరి ఊరికి.

ఐక్యరాజ్యసమితి చొరవతో ఏర్పడిన బృందాలు ఇలాంటి వేళ సలహా ఇస్తాయి. అయితే నౌకలు ఉన్నవి కొద్ది దేశాల చేతిలోనే. తోయాలా వద్దా అని ఆ దేశాలు కూర్చుని తేల్చే రోజు వస్తే, గీత కింద ఉన్న ఆఫ్రికా పల్లెవాసిని ఎవరు అడుగుతారు?