వ్యసనం, వినోదం, వినికిడి: విరాటపర్వం వెలుగులో ఒక నేటి ప్రశ్న

మనుస్మృతి 7వ అధ్యాయం కామజ వ్యసనాలను పదిగా లెక్కించింది. వేట, పాచికలాట, పగటినిద్ర వంటివాటితో పాటు నృత్య గీత వాద్యాలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళల పట్టిక గీతంతో మొదలై వాద్యం, నృత్యం, ఆలేఖ్యం అనే వరుసలో సాగుతుంది. చివరి భాగానికి వచ్చేసరికి ద్యూతవిశేషాలు కూడా కళలుగానే కనబడతాయి. ఒకే పాచిక ఒకచోట వ్యసనం, మరొకచోట కళ. పాటకూ అదే గతి. ఒక వ్యాపకం మంచిదా చెడ్డదా అన్నది దాని పేరు చెప్పగానే తేలిపోదని ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

ఈ తరం యువతలో చాలామందికి రెండు వ్యాపకాలు జంటగా ఉన్నాయి. ఒకటి ట్యాబ్లెట్ మీద స్టైలస్‌తో బొమ్మలు గీయడం. రెండవది అరచేతిలో ఇమిడే యంత్రం మీదనో ఫోన్ మీదనో రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడడం, అనగా ఒక కల్పిత పాత్రను ధరించి కథలో నెలల తరబడి సంచరించడం. పెద్దల తీర్పు సులభం: మొదటిది కళ, రెండవది కాలహరణం. పిల్లల ప్రశ్న కూడా సులభమే: దేనికి ఎన్ని గంటలు? తీర్పూ ప్రశ్నా రెండూ అసలు విషయాన్ని తాకడం లేదని నా అభిప్రాయం.

గంటల లెక్క ఎందుకు చాలదో ముందు చూద్దాం. అనవసరమైన అడ్డంకులను స్వచ్ఛందంగా నెత్తిన వేసుకొని దాటే ప్రయత్నమే ఆట అని బెర్నార్డ్ సూట్స్ 1978లో వెలువడిన తన గ్రంథంలో నిర్వచించాడు. ఆ అడ్డంకులనూ గమ్యాన్నీ ఆటే సమకూరుస్తుంది. తరువాత ఏ ఊరికి పోవాలో, ఎవరిని ఓడించాలో అదే చెబుతుంది. ఖాళీ కాన్వాసు ఏమీ చెప్పదు. పగలంతా అలసిన మనిషికి సాయంత్రం రెండు గంటలు మిగిలితే, వాటిని చెరిసగం చేసినా అది సమానమైన పంపకం కాదు. ఏం చేయాలో చెప్పేది ప్రతిసారీ గెలుస్తుంది. అలాగని బొమ్మ గీసేవాడు ఆటకు అతీతుడు కూడా కాడు. గీసిన బొమ్మను నలుగురిలో పెట్టి, వచ్చిన మెచ్చుకోళ్ల అంకెను చూసుకోవడం మొదలైన నాటి నుంచి అతడు ఆడుతున్నది మరో ఆట. అంకెలు మన విలువలను తమ అదుపులోకి తీసుకొనే ఈ తీరును సి. థి. న్గుయెన్ 2020 నాటి గ్రంథంలో చర్చించాడు. గేమ్‌కు కనీసం ముగింపు ఉంటుంది. ఈ ఆటకు అదీ లేదు.

ఇక విరాటుని కొలువుకు వద్దాం. నెల్లూరు మనుమసిద్ధికి మంత్రిగా ఉన్న తిక్కన భారతరచనకు పూనుకొని విరాటపర్వం నుంచే ఎత్తుకున్నాడు. ఆ పర్వమంతా పాత్రధారణే. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు కంకుభట్టు వేషంలో మళ్లీ పాచికలే పట్టుకుంటాడు. అర్జునుడు బృహన్నలయై నాట్యం నేర్పుతాడు. ఆటా కళా ఒకే కొలువులో జీవనోపాధి పొందాయి! బృహదశ్వుడు అక్షహృదయం ఉపదేశించాడు కనుక ధర్మరాజు ఇక ఓడడని సమాధానం చెప్పుకోవచ్చు. అయితే అది నైపుణ్యానికి సమాధానమే గాని నిగ్రహానికి కాదు. ఏడాది గడువు, ధరించిన వేషం అతనికి హద్దులయ్యాయని నేను చాలాకాలం అనుకున్నాను.

ఆ అభిప్రాయాన్ని ద్రౌపది నిలవనీయలేదు. కీచకుడు తన్నగా ఆమె కొలువులోకి వచ్చి మొరపెట్టుకుంటుంది. కంకుభట్టు ఆమెను వారిస్తాడు. సంస్కృత మూలంలోనైతే, కొలువులో సాగే జూదానికి విఘ్నం కలిగిస్తున్నావని కూడా అంటాడు. తిక్కన ద్రౌపది ఇచ్చే సమాధానం మనందరం పాఠం చెప్పేదే: తన భర్త నటుడట, నటుడే కాదు జూదరి కూడానట, జూదరి ఆలికి గౌరవం ఎక్కడిదని ఆమె నిలదీస్తుంది. ఈ మాటను ఎత్తిపొడుపుగా, ధ్వనికి ఉదాహరణగా వ్యాఖ్యానించి ఊరుకుంటాం. కాని వేషానికీ ఆటకూ కలిపి వేసిన నేరారోపణ అది. హద్దులు ఉన్నాయా లేవా అన్నది ఆమెకు పట్టలేదు. పిలుపు వినబడిందా, వినబడితే లేచావా అన్నదే ఆమె అడిగింది. ధర్మరాజుకు వినబడింది, అజ్ఞాతవాసం భగ్నం కారాదని లేవలేదు. అతని పక్షాన వాదించవచ్చు, కాని ఆ ప్రశ్న మాత్రం చెల్లుబాటవుతూనే ఉంటుంది.

ఈ కొలతను నేను పుస్తకంలో కనుగొనలేదు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల తీరాన రొయ్యల గుంటల కట్టల మీద రాత్రి కాపలా ఉండేవారికి ఇది బాగా తెలుసు. చీకటి పడ్డాక నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ తెల్లవారుజామున మరీ పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్లు ఆగితే పంట పోతుంది. కాపలా అంటే కళ్లతో చేసే పని కాదు. చెవి ఆ చప్పుడు మీద ఉండాలి. చేతిలో ఫోన్ ఉన్నా ఫరవాలేదు. కొన్నేళ్ల క్రితం మా గుంట మీద ఒక రాత్రి రెండు ఏరియేటర్లు ట్రిప్పయి ఆగాయి. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం సగమైంది. రొయ్యలు నీటి పైకి వచ్చేదాకా నేను గమనించలేదు. ఆ సమయంలో నేను ఆట ఆడడం లేదు. అదే కట్టను, అవే దీపాలను శ్రద్ధగా బొమ్మ గీస్తున్నాను.

కళలో తన్మయత్వాన్ని మనం గుణంగా ఎంచుతాం. సహృదయుని గురించి మన అలంకారికులు చెప్పినదంతా దాని చుట్టూ తిరిగేదే. ఆ గుణమే కట్ట మీద దోషమైంది. నేను ఆడే గేమ్ వంతులవారీగా సాగేది. నా వంతు వచ్చాక నేను లేచి ఎంతసేపు గుంటల చుట్టూ తిరిగి వచ్చినా ఎదుటి రాక్షసుడు కదలకుండా నిలబడి ఉంటాడు. బొమ్మలో వెలుతురు పట్టుబడ్డ క్షణం అలా ఆగదు. ఆటను తక్కువ చేసి కళను ఎక్కువ చేసే తీర్పు ఇక్కడ తలకిందులవుతుంది. అందుకు కారణం ఆట గొప్పదనం కాదు, ఆ చోటు అడిగేది వేరు కావడం. అదే బొమ్మను ఇంట్లో గీసి ఉంటే ఆ వినికిడి లేమి ఎవరికీ నష్టం కలిగించేది కాదు. అదే గేమ్‌ను ఇంట్లో, ఎవరైనా మాట్లాడుతుంటే తల ఎత్తకుండా ఆడి ఉంటే అది ద్రౌపది ప్రశ్న కిందికే వచ్చేది.

ఆ తరువాత ట్యాబ్లెట్‌ను కట్ట మీదికి తీసుకుపోవడం మానుకున్నాను. బొమ్మలు పగలు, ఇంట్లో. రాత్రి కాపలాకు గేమ్, అదీ శబ్దం పూర్తిగా తీసేసి. మా నాన్న మాత్రం ఆ రాత్రి నష్టం గేమ్ వల్లనే జరిగిందని ఇప్పటికీ నమ్ముతాడు. బొమ్మ గీస్తున్నానని ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను, అబద్ధమాడుతున్నానని అనుకున్నాడు.