సేవాధర్మము – సేవకురాలి యారోగ్యము

అరకు దారిలోని శృంగవరపుకోటవంటి యూళ్లలో కొండవారికిని పల్లెల పేదలకును ప్రభుత్వ వైద్యశాలయే దిక్కు. అట్టిచోట క్రొత్తగా జేరిన నర్సును మనము దేవతయని పొగడుదుము. పొగడ్తకు ఖర్చు లేదు. కాని రాత్రివేళ పనితొందరలో వాడిన సూది వ్రేలికి గ్రుచ్చుకొన్నచో నామె యెవరితో జెప్పుకొనవలెను? చేతకానిదందురను భయమున మిన్నకుండును.

ఆ మౌనమే కీడు. సూదివలన హెచ్.ఐ.వి. సోకు నవకాశము స్వల్పమే. అయినను నివారణౌషధమును 72 గంటలు దాటకుండ, వీలైనంత త్వరగా మొదలిడి, 28 దినములు వాడవలెను. హెపటైటిస్‌-బికి ముందుగానే మూడుమార్లు టీకా వేయవచ్చును. హెచ్.ఐ.వి.ని గూర్చిన 2017 నాటి కేంద్రశాసనము రక్షణసాధనములను, శిక్షణను, ఈ యౌషధమును సమకూర్చు భారమును వైద్యసంస్థపైననే యుంచినది.

త్యాగము తనంత తాను చేయదగినది. ఒరులు విధించినచో నది దోపిడియగును. క్రొత్త నర్సు గాయపడిన వ్రేలు చూపినప్పుడు పైవారు తొలుత “తప్పెవరిది?” యని యడుగరాదు, “గ్రుచ్చుకొని యెంతసేపైనది?” యని యడుగవలెను. ఆ ప్రశ్న నేర్చిన వైద్యశాలయందే సేవాధర్మము నిలుచునని మా నమ్మకము.